మూఢం ముందు పొంగిన పాలు

ఆ ఉదయం కోటప్పకొండ కనపడలేదు. నరసరావుపేటలో ఏ డాబా ఎక్కినా కనపడే కొండ అది. మంచు కమ్మిందనడానికి చలి లేదు, మబ్బు పట్టిందనడానికి వాన వాసన లేదు. సున్నం కొట్టిన గోడ ఆరకముందు ఎట్లా ఉంటుందో ఆకాశం అట్లా ఉంది. తెలుపూ కాదు, బూడిదా కాదు. సూర్యుడు వచ్చాడో లేదో కోళ్ళకు కూడా నమ్మకం కుదిరినట్టు లేదు, కూసినవే మళ్ళీ కూస్తున్నాయి.

ఆ ఆకాశం కింద లక్ష్మీతిరుపతమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. రాత్రంతా నిద్ర లేదు.

పోయినవారం మనం ఆమెను వంటింట్లో స్టూలు మీద వదిలాం. అటక మీద చెయ్యి పెట్టి తడుముతోంది. ఈ ఇంట్లో దిగిన రోజు పాలు పొంగించిన ఇత్తడి గిన్నె అక్కడ ఉండాలి. లేదు. ఇంట్లో దొంగలు పడితే గ్యాసుబండ పోతుంది, టీవీ పోతుంది. ఇత్తడి గిన్నె ఒక్కటే పోదు.

అంతకుముందు జరిగింది ఇదీ. తిరుపతమ్మ మల్లమ్మ సెంటర్ పక్క సందులో రబియా టైలర్ షాపులో కటింగ్ మాస్టరు. ఆమె కత్తిరించిన జాకెట్టుతో పెళ్ళిపీటల మీద కూర్చున్న వెన్నెల అనే ఈ పేట అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో బొటిక్ నడుపుతోంది. అక్కడికి వచ్చెయ్యమని అడిగింది. ఇక్కడ వచ్చేదానికి రెండింతలకు పైన జీతం. పని ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి చేతికొస్తుంది. తిరుపతమ్మ అవుననలేదు, కాదనలేదు. "మూఢం లోపల చెప్తానమ్మా" అంది. మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు, కొత్త ఇళ్ళలో ఎవరూ దిగరు. ఈసారి శివరాత్రి దాకా ఉందంటున్నారు. శుక్రవారం నుంచే మొదలు. ఇవాళ బుధవారం. సాయంత్రం లోపల మాట చెప్పకపోతే ఇంకొకరిని చూసుకుంటానని వెన్నెల మెసేజీ పెట్టింది.

తిరుపతమ్మ దులిపిన దుప్పటి తీగ మీద వేస్తుంటే ఇంటి ఓనరు ఝాన్సీలక్ష్మి మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఫోను ఉంది. మొహంలో అలక ఉంది.

"ఏం తిరుపతమ్మా, నీకంటికి మేం మనుషుల్లాగా కనపట్టంలేదా?"

"ఏందక్కా పొద్దున్నే?"

"ఇన్నేళ్ళు ఒక కప్పు కింద ఉన్నాం. పాలు పొంగించుకుంటా ఒక్క ముక్క చెప్పకూడదా? నేనేమన్నా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటానా?"

"పాలెవురు పొంగిచ్చారు?"

ఝాన్సీలక్ష్మి నవ్వబోయి ఆగింది. తిరుపతమ్మ మొహం చూసింది. అలక కాస్తా ఎటో పోయి ఆ స్థానంలో ఉత్సాహం వచ్చింది. "నీకు తెలవదా? నిజంగా?" అంటూ ఫోను ముందుకు చాపింది.

హైదరాబాదులో ఉంటున్న ఆడపడుచు లింగమ్మ పెట్టిన వాట్సాప్ స్టేటస్ అది. సున్నం వాసన ఇక్కడి దాకా వచ్చేట్టున్న ఖాళీ వంటిల్లు. గచ్చు మీద ఒంటి స్టవ్వు. స్టవ్వు మీద పసుపు పూసి బొట్లు పెట్టిన ఇత్తడి గిన్నె. అంచు దగ్గర చిన్న సొట్ట. కూతురు లిఖిత చిన్నప్పుడు కింద పడేసిన సొట్ట అది. గిన్నె పక్కన లింగమ్మ, ఆమె వెనకాల తల మీద నీళ్ళు కారుతూ, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, చేతులు జోడించి నాగేంద్రబాబు. తన మొగుడు. సోమవారం ఫ్యాక్టరీలో డబుల్ డ్యూటీ చేసి వచ్చానని మంగళవారం పగలంతా నిద్రపోయిన మనిషి.

పాలు పొంగాయి. "తూర్పుకే రా తమ్ముడా! తూర్పుకే పొంగినయ్!" అని లింగమ్మ గొంతు. అంతటితో ఆగిపోయింది.

తిరుపతమ్మ ఇంకోసారి చూడలేదు. ఫోను తిరిగి ఇచ్చేసి బకెట్లో మిగిలిన చొక్కా తీసి దులిపింది. అది నాగేంద్రబాబు డ్యూటీ చొక్కా. ఎంత ఉతికినా దాని మడతల్లో సిమెంటు పోదు.

"సరేలే, మొగోళ్ళు అట్టాగే చేస్తారు" అంది ఝాన్సీలక్ష్మి. "నేను నిన్న పొద్దుగూకేటప్పుడు చూశా. చూడంగానే మా పింకీకి ఫోన్ చేశా. మా పెద్దమ్మ మనవరాలులే. రాజుపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చి ఈడ ఆస్పత్రిలో చేస్తంది. ఇల్లు చూడమని ఆర్నెల్ల నుంచి నా పాణం తీస్తన్నారు. మూఢం ముందు ఇంక రేపొక్కటే మంచిరోజంట. తెల్లారుజామున వచ్చి మీ వంటింట్లో ఒక మూల స్టవ్వు పెట్టుకుని, గిన్నెడు పాలు పొంగించుకుని పోతారు. మీ సామాను మీరు నిమ్మళంగా ఎత్తుకోండి. నేనేం తొందరపెట్టనులే."

"ఖాళీ చేస్తామని ఎవురు చెప్పారక్కా?"

"ఇంకా చెప్పాలా? రెండూళ్ళలో రెండు పొయ్యిలు పెట్టుకుంటారా ఎవురన్నా?"

ఝాన్సీలక్ష్మి చెడ్డ మనిషి కాదు. పాలు పొంగిన చోటే ఇల్లు అని ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరైనా అనుకునేదే ఆమె అనుకుంది. తిరుపతమ్మ ఖాళీ బకెట్ తీసుకుని మెట్లు దిగింది. ఇంటికి తాళం వేసి, చెప్పులేసుకుని, ఫ్యాక్టరీ బస్సు ఆగే చోటికి బయల్దేరింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ బస్సుకు ఎదురుపోయింది లేదు.

పేట అప్పుడే ఒళ్ళు విరుచుకుంటోంది. ఆస్పత్రుల వీధిలో ఊళ్ళ నుంచి వచ్చిన మనుషులు ఫ్లాస్కులు పట్టుకుని టీ బండి చుట్టూ మూగారు. పూలమ్మేవాళ్ళు తడి గోనెలు విప్పుతున్నారు. ఇడ్లీ బండి ఆమె "తిరుపతమ్మక్కా, మా కోడలి జాకెట్టు చంకలో పట్టేస్తందంట" అని అరిచింది. "కుట్టు ఒదిలిపెట్టి ఉంచాలే, తీసుకురా" అని తిరుపతమ్మ నడుస్తూనే చెప్పింది.

ఆమె పుట్టిన వెల్దుర్తిలో గడప దాటితే ఎక్కడికని అడుగుతారు. తిరిగొస్తే ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. పెళ్ళయి పేటకొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఉప్పు కోసమని బయల్దేరి, ఉప్పు మర్చిపోయి, స్టేషన్ దాకా నడిచింది. రైలు ఒకటి వచ్చి పోయేదాకా నిలబడి చూసింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి ఈ ఊరు తనదనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అందులో ఏముంది?

రబియా షాపు షట్టరు సగం లేపి ఉంది. లోపల నుంచి రబియా వంగి తొంగిచూసింది.

"ఏందే ఇటేపు? పది దాకా ఆగబాకు, తొందరగా రా. రేపు రాత్రి ముహూర్తాలు. జాకెట్లు గుట్ట పడి ఉన్నయ్. శుక్రవారం నుంచి ఎట్టాగూ ఈగలు తోలుకోవటమేగా."

"వస్తానక్కా. కాస్త ఆలస్యమైద్ది."

"మొకం అట్టా పీక్కుపోయిందేంది?"

"నిద్ర లేదు."

"నాకు మాత్రం ఉందా?" అని రబియా లోపలికి పోయింది. అది నిజమే. మూఢం ముందు పది రోజులూ టైలర్లకు రాత్రులుండవు. మూఢం పడ్డాక పగలు కూడా పని ఉండదు. జాకెట్టుకు ఇంత అని చేసుకునేవాళ్ళకు ఆ మూడు నెలలు పొయ్యి సన్నమంట మీదే ఉంటుంది.

బస్సు వచ్చింది. దాచేపల్లి వైపు నుంచి వచ్చే ఆ బస్సును దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. కిటికీలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. నైట్ డ్యూటీ మనుషులు ఒక్కొక్కరే దిగారు. స్నానం చేసే వచ్చినా కనుబొమల్లో, చెవుల వెనక బూడిదరంగు మిగిలే ఉంది. అందరిలోకీ ముందు ధనుంజయరావు దిగాడు. అతను నోరు ఊరికే ఉంచుకోలేడు.

"ఒరేయ్ నాగేంద్రా, దిగరా! మీ ఇంటామె వచ్చింది, పట్టుకుపోవటానికి. బస్సులో దాక్కుంటే లాభంలేదు" అని కేకేసి, తిరుపతమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "మీ అమ్మకి ఇప్పుడెట్టా ఉందమ్మా? సోమవారం మీవాడు డ్యూటీ ఎగ్గొట్టి పోతుంటే చానా సీరియస్ అన్నాడే."

తిరుపతమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"బాగానే ఉందన్నయ్యా. పాలు తాగి పడుకుంది."

వెనకాల బస్సు మెట్టు మీంచి ఒక కాలు కింద పెట్టిన నాగేంద్రబాబు అక్కడే ఆగిపోయాడు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. దిగాడు. ధనుంజయరావు ఇద్దరి మొహాలూ చూసి టీ కొట్టు వైపు పోయాడు.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ఆమె ముందు, అతను వెనక. సందు మొదట్లో అతనికి దగ్గు వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు కానీ ఆగింది. దగ్గు తగ్గాక మళ్ళీ నడిచింది.

నైట్ డ్యూటీ మనిషికి పొద్దున తొమ్మిదికే మధ్యాహ్నం. తిన్న తర్వాత పడుకోవాలి. తిరుపతమ్మ వస్తూనే కుక్కర్లో ఒక గిన్నెలో బియ్యం, ఇంకో గిన్నెలో కందిపప్పూ దోసకాయ ముక్కలూ పెట్టింది. నాగేంద్రబాబు పెరట్లో పంపు దగ్గర మళ్ళీ మొహం కడుక్కున్నాడు. అతను ఎంతసేపు కడుక్కున్నాడో ఆమె వింటూనే ఉంది. నీళ్ళు ఆగాయి. తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాడు.

"గిన్నె యాడుంది?"

"అక్క కాడ."

"మీ అక్క యాడుంది?"

"నిజాంపేటలో. ఆ ఇంట్లో." కాసేపాగి అన్నాడు. "చూసినట్టున్నావుగా. మళ్ళీ అడిగేదేంది?"

"నేను చూళ్ళేదు. ఊరంతా చూసి నాకు చూపిచ్చింది."

కుక్కరు మొదటి కూత వేసింది. ఆమె మిరపకాయలు తుంచుతోంది.

"పొయ్యి వెలిగించేటప్పుడు ఇంటామె ఉండొద్దా అయ్యా? ఏ ఊళ్ళోదీ పద్ధతి?"

"ఆడపడుచు చేత్తో పొంగిస్తే సరిపోద్దని అక్క అంది."

"సరిపోద్ది. మరి ఆ ఇంట్లో వండేది కూడా మీ అక్కేనా?"

అంతలో అతని జేబులో ఫోను మోగింది. తీసి చూసి మళ్ళీ లోపల పెట్టబోయాడు. ఎవరో ఆమెకు తెలిసిపోయింది. చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు. ఆమె స్పీకర్ నొక్కి గట్టు మీద పెట్టింది.

"ఒరేయ్ తమ్ముడా! చెప్పావా లేదా దానికి? నా నడుం పోయింది రా ఈడ" అంది లింగమ్మ.

"చెప్పాడు వదినా. నడుమెందుకు పోయింది?"

లింగమ్మ ఒక్క క్షణం కంటే ఎక్కువ నిశ్శబ్దంగా ఉండలేదు.

"ఏమే తిరుపతమ్మా! తూర్పుకే పొంగినయ్యే. చూశావా? పాలు పొంగిన ఇంట్లో ఒకరన్నా నిద్ర చెయ్యాలిగా. రెండు రాత్రుల నుంచి నేనే పడుకుంటన్నా. చాప కూడా సరైంది లేదు. ఫ్యాను మీరొచ్చి బిగించుకోవాలంట. దోమలు నన్ను ఎత్తుకుపోతన్నయ్."

"నిన్నెవరు పడుకోమన్నారు వదినా?"

"మరి దీపం ఎవురు చూస్తారే? కొత్తగా వెలిగించిన దీపం ఆరిపోతే నీకు మంచిదా, నాకు మంచిదా?" లింగమ్మ గొంతు కొంచెం దిగింది. "నువ్వు కోప్పడతావని తెలుసే. నేను ఈడ నాలుగు ఇళ్ళలో వంట చేస్తన్నా. ఎవురి వంటిల్లూ నాది కాదు. నీకు చేతిలో పని ఉంది, పిలిచి కూర్చోబెట్టి జీతమిస్తామంటన్నారు. అట్టా పిలుపు నాకొస్తే లేచిపోనా? మూఢం పడితే ఇల్లూ పోద్ది, పనీ పోద్ది. అందుకని నేనే తొందరపెట్టా. వాడినేం అనబాకు. తిట్టేదుంటే నన్ను తిట్టు."

తిరుపతమ్మకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. "తిన్నావా వదినా?" అంది.

"ఇంకా లేదే. పనికి పోవాలి."

"తిని పో" అని ఫోను కట్టేసింది.

రెండో కూత. మూడో కూత. ఆమె స్టవ్వు ఆపింది. వంటింట్లో ఆవిరి వాసన, పచ్చిమిరపకాయ వాసన. నాగేంద్రబాబు గుమ్మానికి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది. కళ్ళు తెరవకుండానే అతను మాట్లాడాడు.

"అలిసిపోయా తిరుపతమ్మా."

ఆమె చేతిలో గరిటె ఆగింది. ఇన్నేళ్ళలో అతను నడుం నొప్పి అన్నాడు, జ్వరం అన్నాడు, కాంట్రాక్టరు దొంగ అన్నాడు. ఈ మాట మాత్రం అనలేదు.

"ప్యాకింగ్ కాడ ఆ దుమ్ములో నిలబడితే పక్కనోడి మొకం కనపడదు. పొద్దున బస్సు దిగుతా. నీకు పూలమ్మేవాళ్ళు, ఇడ్లీ బండి, రబియా... ఏందేందో ఉన్నయ్ ఈ ఊళ్ళో. నువ్వు చెప్తుంటే వింటుంటా. నాకేముంది? బస్టాండు, ఈ సందు, ఆ మంచం. నేను పేటలో ఉన్నదెప్పుడు? నిద్రపోయిందేగా."

తిరుపతమ్మ ఎప్పుడూ ఆ వైపు నుంచి చూడలేదు. తను ఊరంతా తిరిగి వచ్చేసరికి అతను పడుకుని ఉంటాడు. లేచేసరికి దీపాలు పెట్టే వేళ. అన్నం తిని బస్సు ఎక్కుతాడు. పగటి డ్యూటీ పడిన వారాల్లో చీకట్లో పోయి చీకట్లో వస్తాడు. తను ఇష్టపడిన ఊరు అతనికి కిటికీ అవతల చప్పుడు.

"నీకు ఆ జీతమొస్తే నేను ఈ పని మానేస్తా" అన్నాడు. "ఊరికే కూర్చోను. వాచ్‌మన్ పని చేసుకుంటా, లిఫ్టు కాడ కూర్చుంటా, ఏదోటి. వచ్చే ఏడు లిఖిత ఇంజనీరింగ్ అంటది. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటేగా. ఎన్నాళ్ళు నిలబడతా ఆ దుమ్ములో?"

"నన్ను అడగొచ్చుగా."

"అడగలా? ఎన్నిసార్లు అడిగా. చూద్దాం అన్నావ్. కాదంటే కాదని ఊరుకుందును. సరేనంటే మూట కట్టుకుందును. రెండూ అనకపోతివి. శుక్రవారం ముంచుకొస్తంది. అక్కేమో పోతే దొరకదంటంది. ఇంక నేనేం చెయ్యను?"

"శుక్రవారం రావాలనే చూస్తన్నా."

అతను కళ్ళు తెరిచాడు.

ఆమె కుక్కరు మూత మీదికి చెయ్యి పోనిచ్చి, ఇంకా వేడి దిగలేదని వెనక్కి తీసుకుంది. అతని వైపు చూడకుండానే చెప్పింది.

"మూఢం పడితే ఎవురూ ఏమీ అనరు. వెన్నెల ఇంకొకర్ని పెట్టుకుంటది. నీకు నేను కాదన్నట్టుండదు. ముహూర్తాలు లేక ఆగిపోయినట్టుంటది. లిఖితకి కూడా అదే చెప్పొచ్చు. శుక్రవారం వచ్చేస్తే చాలు, ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నా. రోజూ క్యాలెండర్ చూస్తన్నా. కాదనే నోరు నాకు లేదు. నిన్ను ఆ దుమ్ములో చూసి ఎట్టా కాదంటా? అవునంటానికి..." అని ఆగిపోయింది.

పెరట్లో పంపు సరిగ్గా కట్టలేదు, చుక్కలు పడుతున్నాయి.

"ఆ ముక్క పోయినవారం చెప్తే నాకు బస్సు చార్జీలన్నా మిగిలేయిగదే" అన్నాడు చివరికి.

నవ్వు రాబోయింది ఆమెకు. రాలేదు. అతను కూడా నవ్వలేదు. ఇద్దరూ గోడకున్న ఒకే క్యాలెండర్ చూసుకుంటూ, తేదీ మీద ఒకరు వేలు పెట్టి ఆపి, ఇంకొకరు వేలు పెట్టి తోసి, ఒకరికొకరు చెప్పుకోకుండా నెల గడిపారు.

అతను లేచి వచ్చి గట్టు దగ్గర నిలబడ్డాడు. దగ్గరగా వస్తే ఇంకా సిమెంటు వాసనే.

"సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే చెప్పు. పోదామా, ఉందామా? నువ్వేదంటే అది. ఉందామంటే నేనే పోయి అక్కతో చెప్పి, దీపం కొండెక్కించి, గిన్నె తెచ్చేస్తా. అక్క తిడితే పడతా. పోదామంటే ఇప్పుడే వెన్నెలకి ఫోన్ చెయ్యి. ఏదోటి నీ నోటితో అను. నేను మళ్ళీ పంచాంగం చూడను."

తిరుపతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. అతని మొహం వైపు తిరిగింది. కనుబొమల్లో ఆ బూడిదరంగు చూసింది. నోరు తెరిచింది.

"తిరుపతమ్మా! ఉన్నారా?" వాకిట్లో ఝాన్సీలక్ష్మి. జవాబు కోసం ఆగకుండా లోపలికి వచ్చేసింది. వెనకాల ఒక సన్నటి అమ్మాయి. తెల్ల కోటు మడిచి చేతి మీద వేసుకుంది. కళ్ళ కింద నలుపు. ఆమె కూడా నైట్ డ్యూటీ దిగినట్టే ఉంది.

"ఇదే మా పింకీ. రేపు చీకట్లో వచ్చి తడుముకోకుండా చోటు చూసుకుని పోతానంది. ఆస్పత్రి నుంచి ఇట్టే వచ్చింది. చూసుకోవే, ఇదే వంటిల్లు. తూర్పు గోడ అదిగో. నేను పైన పాలు స్టవ్వు మీద పెట్టి వచ్చా" అని ఝాన్సీలక్ష్మి ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది.

పింకీ గుమ్మం అవతలే నిలబడింది. ఇద్దరినీ చూసి, వేళ కాని వేళ వచ్చానని తెలిసినట్టుంది.

"తర్వాత వస్తానక్కా. బస్సుకి టైముంది."

"వచ్చినదానివి, చూసుకో" అంది తిరుపతమ్మ.

పింకీ వచ్చి తూర్పు గోడ దగ్గర నిలబడింది. గోడ మీద చెయ్యి పెట్టింది. కిటికీలోంచి సందులోకి చూసింది. అవతల ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, ఆకుకూరలమ్మి అరుస్తోంది.

"మా ఆయన వాళ్ళు సత్తెనపల్లిలో తీసుకుందామన్నారక్కా. ఆయనకి అక్కడైతే జీతం ఎక్కువిస్తామన్నారు. నేనే పేట అని మొండికేశా. ఒక నెల మాటల్లేవు మా ఇద్దరికీ." నవ్వింది. అలిసిపోయిన నవ్వు.

"పేటెందుకు?" అంది తిరుపతమ్మ.

"ఏమోనక్కా. పగలు డ్యూటీ అప్పుడు సాయంత్రం దిగి మల్లమ్మ సెంటర్ దాకా నడిచి, మళ్ళీ బస్టాండుకి పోతా. ఏమీ కొనను. ఊరికే. రాజుపాలెంలో ఊరికే నడిస్తే ఏమైందని అడుగుతారుగా."

నాగేంద్రబాబు తన భార్య వైపు చూశాడు. ఆమె కుక్కరు మూత తీస్తోంది. ఆవిరి మొహానికి కొట్టినా తప్పుకోలేదు.

"అన్నం వేళకొచ్చావు. తిని పో."

"వద్దక్కా, ఇంటికి పొయ్యి..."

"వంటింట్లోకి వచ్చి తినకుండా పోతారా ఎవురన్నా? కూర్చో."

మూడు పళ్ళేలు గచ్చు మీద పెట్టింది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, పెరుగు. తను కూడా నిన్న మధ్యాహ్నం నుంచి తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాగేంద్రబాబు కొత్త పిల్ల ముందు కాస్త బిడియంగా, గోడ వైపు జరిగి కూర్చున్నాడు. పింకీ రెండు ముద్దలు తిన్నది. ఆకలి మీద ఉన్న పిల్ల, మూడో ముద్ద పెద్దది కలిపింది. కలుపుతూ, పళ్ళెంలోకి చూస్తూనే అడిగింది.

"అయితే రేపు తెల్లారుజామున రమ్మంటారా అక్కా?"

నాగేంద్రబాబు ముద్ద నోటి దగ్గర ఆగింది. అతను పింకీ వైపు చూడలేదు, తిరుపతమ్మ వైపు చూశాడు. పింకీ కూడా తలెత్తి ఆమె వైపే చూసింది.

తిరుపతమ్మ గరిటెతో పప్పు తీసి పింకీ పళ్ళెంలో వేసింది. మొగుడి పళ్ళెంలో వేసింది. తన పళ్ళెంలో వేసుకుంది. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది.

ఆమె తింటోంది కాబట్టి వాళ్ళిద్దరూ తిన్నారు. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడులో, పెరుగు వడ్డించిన చప్పుడులో వాళ్ళిద్దరూ అడిగిన ప్రశ్నలు సాయంత్రానికి మిగిలిపోయాయి.